రంగును మెదడు ఎలా పట్టుకుంటుందో ల్యాప్‌టాప్‌తో కొలుద్దాం

నమస్తే అందరికీ, నల్లగొండ నుంచి. మొదలుపెట్టేముందు ఒక మాట. ఈ వీడియోలో ఎరుపు, ఆకుపచ్చ తెర మీద చకచకా మారుతుంటాయి. ఫిట్స్ వచ్చేవాళ్ళు దయచేసి ఇక్కడే ఆపేయండి. చేయకండి, చూడకండి కూడా.

సరే. ఇదిగో, ఇది మా అమ్మ గద్వాల చీర. చీరంతా ఆకుపచ్చ నూలు, అంచు ఎర్ర పట్టు. పట్టు మెరుస్తుంది కదా, అంటే ఇక్కడ రంగు తేడా ఒక్కటే లేదు, వెలుతురు తేడా కూడా ఉంది. మెదడుకు రెండూ కలిసే అందుతాయి. వెలుతురు తేడాను తీసేయకుండా కొలిస్తే, మనం కొలిచేది వెలుతురు, రాసుకునేది రంగు. అందుకే ముందు ఎరుపునూ ఆకుపచ్చనూ మన కంటికి సమానం చేయాలి.

ఎలా? ఎరుపు, ఆకుపచ్చ జత సెకనుకు 15 సార్లు తిరిగి వచ్చేలా మార్చితే చాలు. వెలుతురును చూసే దారి వేగంగా పనిచేస్తుంది, రంగును చూసే దారి నిదానం. 15 దగ్గర రంగులు కలిసిపోయి నారింజ-పసుపులా కనిపిస్తాయి. ఇంకా మిణుకుమంటోందంటే అది వెలుతురు తేడాయే. ఆ మిణుకు బాగా తగ్గిన చోటే మీ సమాన బిందువు.

సైకోపై తెరవండి, ఇలాంటి ప్రయోగాలు తయారుచేసే ప్రోగ్రామ్ ఇది, ఉచితమే. కొత్త ఫైల్, వృత్తం, ఇవి తెర మీద కనిపిస్తున్నాయి, చూసుకోండి. మన తెర సెకనుకు 60 ఫ్రేములు, కాబట్టి రెండు ఫ్రేములు ఎరుపు, రెండు ఆకుపచ్చ. 120 తెరైతే నాలుగు, నాలుగు. వృత్తం 2 సెంటీమీటర్లు, కంటికీ తెరకూ మధ్య 57 సెంటీమీటర్లు. ఆ దూరంలో ఒక సెంటీమీటరు సుమారు ఒక డిగ్రీ అవుతుంది, లెక్క సులువు. నేను టైలర్ టేపు వాడతాను, స్కేలు కంటే అదే హాయి.

తెర రంగుల అంకెలు 0 నుంచి 255 దాకా ఉంటాయి, ఎరుపును 255 దగ్గర వదిలేయండి. పై బాణం, కింది బాణంతో ఆకుపచ్చను మార్చండి.

ఇప్పుడు ఆగండి. ఇక్కడ ఆగండి. నేను రెండు రోజులు ఇక్కడే ఇరుక్కున్నాను. పొద్దున ఒక అంకె, సాయంత్రం చేస్తే అంతకంటే పెద్ద అంకె. కళ్ళు అలసిపోయాయనుకున్నాను, నిద్రపోయి మళ్ళీ చేశాను, సాయంత్రానికి మళ్ళీ అదే. చివరికి చూస్తే నైట్ లైట్, రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సెట్టింగ్! చీకటి పడగానే దానంతట అదే ఆన్ అయి, నీలంతో పాటు ఆకుపచ్చను కూడా తగ్గిస్తోంది. తగ్గిన ఆకుపచ్చను సమానం చేయడానికి నేను అంకె పెంచుతున్నాను. సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి, నైట్ లైట్ ఆఫ్. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆఫ్. ఛార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు పోతే బ్యాటరీ మీదికి వెళ్ళి తెర మసకబారుతుంది. ఈ మూడూ చూశాకే ముందుకు రండి.

ఇంకొకటి. 255లో సగం 128 కదా, వెలుతురు కూడా సగం వస్తుందనుకోవద్దు. మామూలు తెరలో 128 అంటే సుమారు 22 శాతం వెలుతురే. అందుకే మీకు వచ్చిన ప్రతి అంకెనూ 255తో భాగించి, 2.2 ఘాతానికి పెంచి, అప్పుడు సగటు తీయండి. ఆ సగటును అదే లెక్క వెనక్కి చేసి మళ్ళీ అంకెగా మార్చుకోండి.

పదిసార్లు చేయండి. ఐదుసార్లు పైనుంచి దిగుతూ, ఐదుసార్లు కిందినుంచి ఎక్కుతూ. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తే అంకె ఆ వైపే ఒరుగుతుంది. లెక్క ప్రకారం మామూలు తెర మీద ఆకుపచ్చ 147 దగ్గర పడాలి. మీది అటూ ఇటూ ఉంటుంది, ఉండనివ్వండి, అది మీ కన్ను. చాలా తక్కువ అంకె వస్తే, ఎరుపు మీకు మసకగా అందుతోందేమో, కంటి డాక్టర్ దగ్గర ఇషిహారా పరీక్ష, అంటే రంగు చుక్కల్లో అంకెలు గుర్తుపట్టే పరీక్ష, చేయించుకోండి.

నా అంకె 151. ల్యాబులో తల వెనక ఎలక్ట్రోడు పెట్టి, రంగుకు మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను (ఈఈజీ) కొలిచేవాళ్ళు కూడా తరచుగా ముందు ఇలాంటిదే చేస్తారు. ఇప్పుడు ఈ 151తోనే ఎరుపు, ఆకుపచ్చ చారలు పెడుతున్నాను. చూడండి, అంచులు కుదురుగా నిలబడడం లేదు, కదులుతున్నట్టు ఉన్నాయి. వెలుతురు తేడా పోయింది, ఇక మిగిలింది రంగే.