80 లక్షల కారులో 47 సెకన్లు | బీఎండబ్ల్యూ ఎం340ఐతో మూడు రోజులు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తా, లేకపోతే కింద "అన్నా ఎంత తీసుకున్నావ్" అని మొదలుపెడతారు. ఈ కారు నాది కాదు. ఇక్కడ బెంగళూరులో పాత లగ్జరీ కార్లు అమ్మే షోరూమ్ వాళ్ళు శుక్రవారం సాయంత్రం తాళం చేతికిచ్చి సోమవారం పొద్దున తెచ్చెయ్యమన్నారు. ట్యాంక్ నింపి ఇచ్చారు, డబ్బులూ ఇచ్చారు. ఎంతో చెప్పను గానీ ఆ డబ్బుతో ఈ కారుకి నాలుగు టైర్లు కూడా రావు. సో పెయిడ్ వీడియోనే, కానీ ఏం చెప్పాలో వాళ్ళు చెప్పలేదు, చెప్పుంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

స్పెక్స్ మీరు చూసే ఉంటారు, గబగబా చెప్పేస్తా. మూడు లీటర్ల ఇంజన్, ఆరు సిలిండర్లు వరసగా, 387 హార్స్‌పవర్, 500 ఎన్‌ఎం టార్క్, అంటే లాగే బలం, సున్నా నుంచి 100కి 4.4 సెకన్లు. చెన్నై ప్లాంట్‌లో బిగించిన కారే, ఇంపోర్ట్ కాదు. 2021లో లాంచ్ అయినప్పుడు 62.9 లక్షలు ఎక్స్‌షోరూమ్, అంటే రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకుండా. అంతే, బూట్ ఎన్ని లీటర్లు, స్క్రీన్ ఎన్ని ఇంచులు నన్నడగొద్దు.

నేను ఇంకో పని చేశా. మా బామ్మర్దిని పక్క సీట్లో కూర్చోబెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టించా. నా కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా, అంటే కింద ఫ్లోర్ దాకా ఆనినప్పుడు స్టార్ట్, ఎత్తగానే ఆఫ్. మూడు రోజులూ ఇదే డ్యూటీ వాడికి. ఎందుకంటే 80 లక్షలు పెట్టేది ఆ పవర్ కోసమే కదా, మరి ఆ పవర్ నేను నిజంగా ఎంతసేపు వాడతానో తెలియాలిగా.

శుక్రవారం మారతహళ్ళి నుంచి ఇంటికి, అంటే కేఆర్ పురం అవతలకి. ఎంతయ్యింది రా అంటే "బావా, సున్నా". ట్రాఫిక్ లెక్కలు తీసే టామ్‌టామ్ కంపెనీ వాళ్ళ 2024 లెక్కల్లో బెంగళూరులో పది కిలోమీటర్లకి 34 నిమిషాల పైనే పడుతుందంట, అంటే గంటకి 18 కూడా రాదు. మా పక్కన ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఫుడ్ డెలివరీ అబ్బాయి, టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర మూడుసార్లు దాటేశాడు మమ్మల్ని. మైలేజీ? లీటరుకి 6 చూపించింది. చూసి స్క్రీన్ మార్చేశా, మ్యాప్ పెట్టుకున్నా.

కానీ శనివారం పొద్దున అయిదున్నరకి బేస్‌మెంట్‌లో స్టార్ట్ చేశా చూడండి... అబ్బా. ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు గట్టిగా ఖణేల్‌మంది, తర్వాత సన్నగా గుర్రు పెట్టుకుంటూ సర్దుకుంది. మా వాచ్‌మెన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నాకు ఎప్పుడూ లేవడు. ఈ ఇంజన్‌కి బీ58 అని పేరు, టయోటా సుప్రాలో కూడా ఇదే. నా దగ్గరున్నది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, 150 హార్స్‌పవర్, మంచి కారు, నేను తిట్టను, కానీ దాన్ని తొక్కితే అరుస్తుంది, దీన్ని తొక్కితే పాడుతుంది. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక ఒక రకమైన లోహపు శబ్దం వస్తుంది, స్టీలు బిందె అంచు మీద తడి వేలు పెట్టి తిప్పినట్టు, అది వినడానికి కిటికీ దించుకున్నా, చలిలో. నిజం చెప్పాలంటే లోపల వినిపించేదాంట్లో కొంత స్పీకర్లలోంచి కలిపి పంపిస్తారు. తెలుసు. తెలిసీ నవ్వుకుంటూ కూర్చున్నా.

హోస్కోటె దగ్గర చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. మన కర్ణాటక ముక్క బేతమంగల దాకా తెరిచారు కదా, 71 కిలోమీటర్లు. పొద్దున్నే ఖాళీ రోడ్డు. కారు పూర్తిగా ఆపి, వెనక ఎవరూ లేరని చూసుకుని తొక్కా. బామ్మర్ది చేతిలో ఫోన్ ఒళ్ళో పడింది. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది కాబట్టి జారడం, ఊగడం ఏమీ ఉండదు, ఎవరో వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు వెళ్ళిపోతుంది. బాగుంది, చాలా బాగుంది, అయిపోయింది కూడా. అక్కడ లిమిట్ 120. నాలుగున్నర సెకన్లలో 100 వచ్చేశాక నాకు మిగిలింది 20. ఇంకో రెండు సెకన్లు, అంతే, కాలు ఎత్తెయ్యాలి. అక్కడ నుంచి బేతమంగల దాకా నేనూ పక్క లేన్‌లో ఉన్న ఇన్నోవా ఒకటే స్పీడు.

ఇప్పుడు హంపుల గురించి, అదే స్పీడ్ బ్రేకర్ల గురించి, మాట్లాడుకుందాం, కొంచెం ఎక్కువసేపే మాట్లాడతా, నచ్చకపోతే స్కిప్ చేసుకోండి. వెనక్కి వచ్చి హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె వెళ్ళాం, మా ఊరు. చింతామణి దాటాక లెక్కపెట్టడం మొదలుపెట్టాం, ఊరు చేరేసరికి 38 హంపులు. వీటిలో సగం సర్కారువి కావు, ఊరోళ్ళు వేసుకున్నవి. ఎవరో పిల్లాడు రోడ్డు దాటుతుంటే ఏదో అయ్యుంటుంది, ఆ కోపంలో వేస్తారు, అందుకే వాటికి కొలతుండదు, తెల్ల గీత ఉండదు, మోకాలెత్తున లేస్తాయి. వాళ్ళని అనలేం. కానీ 387 హార్స్‌పవర్ కారుని హంపు ముందు ఆపి, ఏటవాలుగా తిప్పి, ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి చక్రం, ఊపిరి బిగబట్టి, వెనక లారీవాడు హారన్ కొడుతుంటే దాటించడం ఉంది చూశారా, అది ప్రసవం. ఒక్కోదానికి పది పదిహేను సెకన్లు. బామ్మర్ది లెక్కేశాడు, హంపులు దాటడానికే ఎనిమిది నిమిషాల పైన పోయింది. ఫుల్ థ్రాటిల్, అంటే కాలు ఫ్లోర్‌కి ఆనింది ఎంత? ఆ రోజుకి 19 సెకన్లు.

ఊళ్ళో నాయన ఎక్కాడు. ఎక్కాడు అనకూడదు, దిగాడు. "ఏందిరా ఇది, బావిలోకి దిగినట్టుండాది" అన్నాడు. మార్కెట్ యార్డు దాకా తిప్పి తెచ్చా, దిగేటప్పుడు డోర్ పట్టుకుని రెండుసార్లు ఊగి మూడోసారి లేచాడు. "ఎంత చెప్తాండారు?" కొత్తగా కొన్నప్పుడు 80 దగ్గర నాయనా అన్నా. మోకాళ్ళు రుద్దుకుంటూ "ఈ నొప్పులు నాకు ఊరికే వచ్చినాయి కదరా" అని లోపలికి పోయాడు. ఇంతకంటే మంచి రివ్యూ నేను చెయ్యలేను.

డబ్బు సంగతి. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకి రోడ్ ట్యాక్స్ 18 శాతం, దాని మీద సెస్సు. అంటే ఈ కారుకి అప్పట్లో పన్నెండున్నర లక్షల దాకా ట్యాక్సే. తమిళనాడులో ఇప్పుడు 20 శాతం, సో చెన్నైలో ఉన్నోళ్ళు నవ్వకండి. జీఎస్‌టీ వేరే, అప్పట్లో పెద్ద సెడాన్‌కి సెస్సుతో కలిపి 48 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 చేశారు. ఇన్సూరెన్స్ అదీ కలిపితే మొదటి ఓనర్‌కి 80 దగ్గర అయ్యింది. ఇప్పుడు వీళ్ళు చెప్తున్నది 53. అంటే పాపం ఆయన నాలుగేళ్ళలో 27 లక్షలు, నా వర్టస్‌ కంటే ఎక్కువ, గాల్లోకి వదిలేశాడు. నిజంగా దండం పెట్టాలి అలాంటి వాళ్ళకి, వాళ్ళు లేకపోతే మనకి సెకండ్ హ్యాండ్ ఎక్కడిది.

53కి బానే ఉంది కదా అంటారు. నాకూ అలాగే అనిపించింది ఒకసారి. ఇంతకుముందు నా దగ్గర ఒక జర్మన్ సెడాన్ ఉండేది, పేరు చెప్పను, 11 లక్షలకి దొరికిందని ఎగిరి గంతేసి కొన్నా. ఒకరోజు సిగ్నల్ దగ్గర బైక్ మీద ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో, తగిలించాడు. హెడ్‌లైట్ మీద సన్నటి చీలిక, అంతే. వాడు హెల్మెట్ తీసి వణికిపోతూ "సార్, ఎష్టాగుత్తె", ఎంతవుతుంది అన్నాడు. నేను వెయ్యో రెండు వేలో ఇచ్చి పో అనబోయి, వాడి వణుకు చూసి వద్దులే పో అన్నా. తర్వాత సర్వీస్ సెంటర్‌లో చెప్పారు, ఒక్క లైటే లక్షా ఎనభై వేలు, లోపల పగిలిన ముక్క విడిగా దొరకదంట. కారు విలువ సగానికి పడిపోతుంది గానీ పార్టుల విలువ పడదు బాస్. ఎనభై లక్షల కారు యాభైకి వచ్చినా బ్రేక్ డిస్క్ మాత్రం ఎనభై లక్షల కారుదే.

అలా అని కొత్తది ఏదైనా కొందామా అంటే స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఉంది. 2020లో 36 లక్షలు, 245 హార్స్‌పవర్. 2025లో మళ్ళీ తెచ్చారు, 265 హార్స్‌పవర్, 50 లక్షలు, వంద కార్లే, పూర్తిగా ఇంపోర్ట్. ఆన్‌రోడ్ 60 దాటుతుంది. ఆ వంద కూడా ప్రీబుకింగ్‌లోనే అయిపోయాయి, సో మాట్లాడి లాభం లేదు.

మూడు రోజులు, 430 కిలోమీటర్లు. స్టాప్‌వాచ్ టోటల్ 47 సెకన్లు. దాంట్లో ఆరు సెకన్లు ఆదివారం రాత్రి ఊరికే కెమెరా కోసం తొక్కినవి.

వాల్యూ ఫర్ మనీ? లేదు. కొత్తది కొంటే అస్సలు లేదు, బెంగళూరులో ఉంటూ కొంటే ఇంకా లేదు, ఈ మాట చెప్పడానికి స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు. వర్టస్ జీటీలో నాకు దీనిలో దొరికే ఆనందంలో డెబ్బై శాతం దొరుకుతుంది, నాయన మామూలుగా కూర్చుంటాడు. కానీ నిన్న రాత్రి పదకొండుకి మా ఆవిడ "ఏం లెక్కలు వేస్తున్నావ్" అని అడిగింది, ఫోన్‌లో ఈఎంఐ క్యాలిక్యులేటర్ ఉంది. 53 కాదు, 49కి ఇస్తే... ఏమో. ఆ మిగతా ముప్ఫై శాతం పొద్దున అయిదున్నరకి బేస్‌మెంట్‌లో ఉంటుంది, దానికి నేను రేటు కట్టలేకపోతున్నా.

మా బామ్మర్ది అయితే కొనెయ్ బావా అంటున్నాడు. వాడి డబ్బు కాదుగా.

ఒక్క నిమిషం, ఫోన్... షోరూమ్ వాళ్ళే. అరగంట ముందు తాళం ఇచ్చొచ్చా. ముందు బంపర్ కింద, ఎడమ పక్క, 38 హంపుల్లో ఏదో ఒకదానిది చిన్న గీత ఉంది, వాళ్ళు చూడరులే అనుకున్నా. ఉంటానండి.