పాత చీరలో గట్టి గుడ్డ

శ్రోతలందరికీ నమస్కారం.

చీర చిరిగిపోయింది అంటాం. కానీ చీరంతా చిరగదు. చిరగకుండా మిగిలిన ఆ గట్టి గుడ్డతో బొంత, వేడి గిన్నెలు పట్టుకునే మసిగుడ్డ ఎలా కుట్టుకోవాలో ఈ పూట మాట్లాడతాను. నూలు చీర ముందుగా పలచబడేది రెండు చోట్ల. కూర్చున్నప్పుడు ఒత్తుకునే చోట ఒకటి, కుచ్చిళ్ళ అడుగున నేలకు రాసుకునే చోట ఇంకొకటి. నడుముకు తొలి చుట్టుగా లోపలికి పోయే భాగం ఉంటుంది చూడండి, దానికి ఎండ తగలదు. ఏళ్ళ తరబడి కట్టిన చీరలో కూడా అక్కడ రంగు బాగానే నిలిచి ఉంటుంది.

చీరను వాకిట్లో వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. నలిగిన చోటు జల్లెడ లాగా కనిపిస్తుంది. మా జేజి ఇంకో పరీక్ష చేసేది. గుడ్డను రెండు చేతుల బొటనవేళ్ళ కింద పట్టి ఒక్క గుంజు గుంజేది. "గుంజి చూడు పాపా, గుడ్డే చెప్తాది. పర్రుమంటే పీలికలకు, నిలబడితే బొంతకు" అనేది.

మన వీధుల్లోకి పాత చీరలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళు వస్తుంటారు. అది వాళ్ళ బతుకుదెరువు. వాళ్ళకు వేయండి, కాదనను. నూలు చీరలు, పంచెలు, లుంగీలు మాత్రం పక్కకు తీసి పెట్టుకోండి. ఆదోని మార్కెట్టుకు పత్తి బండ్లు వచ్చే కర్నూలు జిల్లా మనది. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సంఘం పెట్టిన జిల్లా మనది. అంతమంది చాకిరీతో తయారైన గుడ్డను చిన్న గిన్నెకు ఇచ్చేయడానికి నాకైతే మనసొప్పదు.

ఇక బొంత సంగతి. శనక్కాయల పనులు అయిపోయి, చేలల్లో పని లేని ఎండాకాలంలో మా జేజి బొంత మొదలుపెట్టేది. ముందు గుడ్డలన్నీ ఉతికి ఎండలో వేసేది. తర్వాత నడవలో కడప బండల మీద చీర పరిచేది. మామూలు చీర పొడవు 5.5 మీటర్లు. దాన్ని సగానికి మడిస్తే 2.75 మీటర్ల పొడవు, 45 అంగుళాల వెడల్పు వస్తుంది. అంటే ఒక మనిషి బొంతకు పైగుడ్డ, కిందిగుడ్డ రెండూ ఒక్క చీరలోనే వచ్చేసినట్టు. మధ్యలోకి పాత పంచెలు, లుంగీలు పరవాలి. గుండీలు, హుక్కులు ఉంటే తీసేయాలి. మూడు నాలుగు పొరలు చాలు. అంతకు మించితే బొంత తడిసినప్పుడు ఎత్తడమే కష్టం. ఎత్తలేని బొంతను ఎవరూ ఉతకరు.

చుట్టూ కదలకుండా రాళ్ళు పెట్టి, వదులుగా పొడవాటి కుట్లు వేసుకోవాలి. అసలు కుట్టు మడత ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి, విడిగా ఉన్న అంచు వైపుకు పోవాలి. అప్పుడు ముడత పడినా అటు జారిపోతుంది. వరుసకూ వరుసకూ రెండు వేళ్ళ ఎడం. మరీ దూరమైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డ ముద్దకడుతుంది. మరీ దగ్గరైతే పొరల మధ్య గాలి నిలవదు. ఆ గాలి వల్లే బొంత వెచ్చగా ఉండేది. దబ్బనంతో కుట్టకండి, పాత గుడ్డకు పెద్ద బొక్కలు పడి అక్కడే చిరుగుతుంది. నైలాను దారమూ వద్దు, అది మెత్తటి గుడ్డను కోసేస్తుంది. పొడుగు సూది, గట్టి నూలు దారం చాలు.

పలచబడిన చోట మాసిక వేయాలి. మా బొంతలో చిలకపచ్చ రవిక గుడ్డ మాసిక ఒకటి ఉండేది. అది మా చిన్నత్త పెళ్ళికి కుట్టించిన రవిక. ఉతికి ఉతికి ఎంత మెత్తగా అయిందంటే, చలికాలం ఆ కొస నాకంటే నాకని పిల్లలమంతా కొట్లాడుకునేవాళ్ళం. షాపులో ఎంత డబ్బు పెట్టి కొన్న దుప్పటికీ ఆ మెత్తదనం రాదు. ఇది నా గట్టి నమ్మకం.

బొంత కుట్టే తీరిక అందరికీ ఉండదు. అలాంటివాళ్ళు మసిగుడ్డతో మొదలుపెట్టండి. జానెడు చదరం నూలు గుడ్డలు, నాలుగు పొరలు. అంచు చుట్టూ ఒక కుట్టు, మధ్యలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. మేకుకు తగిలించడానికి మూలన ఒక దారపు ఉచ్చు. అంతే పని.

కానీ అది నూలు గుడ్డేనా? ఇది తప్పకుండా చూడాలి. ఇప్పుడు మన బీరువాల్లో పాలిస్టర్ చీరలే ఎక్కువ. గుడ్డలోంచి రెండు మూడు పోగులు లాగి, స్టీలు పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్లతో ముట్టించండి. కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి పొడి అయితే అది నూలు. కరిగి, చల్లారాక గట్టి గుండులా మిగిలితే పాలిస్టర్. పొడీ గుండూ రెండూ ఉంటే కలిపి నేసినది. ఈ రెండు రకాలూ పొయ్యి దగ్గరికి వద్దు. వేడికి కరిగి చేతికి అంటుకుంటే చర్మం ఊడి వస్తుంది. వాటితో కూరగాయల సంచి కుట్టుకోండి, తొందరగా ఆరుతుంది. కాళ్ళు తుడుచుకునే పట్టాకు మాత్రం వాడకండి. నీళ్ళు పీల్చదు, నున్నటి బండల మీద జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ప్రమాదం.

మసిగుడ్డలు ఎప్పుడూ రెండు కుట్టుకోండి. తడి గుడ్డతో వేడి గిన్నె పట్టుకుంటే వేడి చటుక్కున చేతికి ఎక్కుతుంది. ఒకటి తీగ మీద ఆరుతుంటే రెండోది పొయ్యి దగ్గర ఉండాలి.