గంప కింద కబుర్లు – 43వ ఎపిసోడ్: వానాకాలం టీకాలు (అనుకున్నాం)

పద్మ: ...నొక్కావా? ఎర్ర లైటు వెలిగిందా?

రమేశ్: వెలిగింది అక్కా. నమస్తే అందరికి. గంప కింద కబుర్లు, 43వ ఎపిసోడ్. ఇయ్యాల ముచ్చట వానకాలం ముంగట పెరటికోళ్లకు టీకాలు. అంతే. మామిడిచెట్టు ఎపిసోడ్ లెక్క దారి తప్పనియ్యం.

పద్మ: దానికి మామిడిచెట్టునేం అనకు. సరే, ముందు నీళ్ల తొట్టి ఎత్తు...

రమేశ్: అక్కా! ఇంక నిమిషం కాలే.

పద్మ: ఒక్క ముక్క. తొట్టి అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. కింద పెడితే కాళ్లతో గీరి చెత్తంతా అందులో పోస్తాయి. అయిపోయింది. టీకాలు చెప్పు.

రమేశ్: నువ్వే చెప్పు.

పద్మ: కొక్కెర తెగులుకి, పిల్లకి 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా, కంట్లో ఒక్క చుక్క. చుక్క పడగానే వదిలెయ్యకూడదు. పిల్ల కన్ను ఆర్పి మందు లోపలికి పోయేదాకా చేతిలోనే ఉంచుకోవాలి. 14వ రోజుకి గంబోరో జబ్బుకి టీకా. 28వ రోజుకి మళ్లీ లసోటా, ఈసారి నీళ్లలో. 8 వారాలు నిండాక ఆర్‌టూబీ, అదీ కొక్కెర టీకానే, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు. దానికి వారం ముందు నట్టల మందు పట్టాలి.

రమేశ్: నీళ్లల్ల ఇచ్చేటప్పుడు నల్లా నీళ్లు వద్దు, క్లోరిన్ టీకాను ఖరాబ్ చేస్తది. బాయి నీళ్లో బోరు నీళ్లో తీసుకొని, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపాలె. అంతకుముందు గంట, గంటన్నర కోళ్లకు నీళ్లు బంద్. దూప మీద ఉంటే అన్నీ ఒక్కసారి తాగుతయి.

పద్మ: కలిపిన సీసా 2 గంటల్లో అయిపోవాలి. అక్కడే అందరూ తప్పు చేసేది. సీసాలో వందో రెండొందలో డోసులుంటాయి, పెరట్లో పది కోళ్లుంటాయి. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి మర్నాడు పొడిస్తే అది ఉత్త నీళ్లే. వీధిలో పదిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు, ఎండెక్కకముందే వేయించుకోవాలి. సీసా ఐసు ఫ్లాస్కులో రావాలి, జేబులో కాదు.

రమేశ్: జేబుల కాదు. [నవ్వు] విన్నోళ్లకు తెలుసు ఎవరి జేబో.

పద్మ: ఊరుకో.

రమేశ్: మశూచి టీకాకు పోయేముందు, నిజామాబాద్ దిక్కు నుంచి ఒక వాయిస్ మెసేజ్ ఉన్నది. జల్ది చెప్పి మళ్ల వద్దాం. ఆ అన్నకు 6 వనరాజా జాతి పెట్టలు, ఒక పుంజు ఉన్నయి. అంగట్ల 2 నాటు పెట్టలు కొన్నడు. రాత్రి గూట్లె ఇడిశిండు. తెల్లారి చూస్తే ఒకదానికి తల మీద తోలు లేచి నెత్తురు. ఇంకోటి గుడ్లు పెట్టే డబ్బా మీదికెక్కి దిగుతలేదు. ఏం చెయ్యాలె అని.

పద్మ: రాత్రి ఎందుకు వదిలాడూ?

రమేశ్: అందరు చెప్పేది అదే గద. చీకట్ల కోడికి కండ్లు కనవడవు. పక్కపక్కన ఒదిగి కూసుంటయి. తెల్లారేసరికి వాసన కలిసిపోయి...

పద్మ: ఏం వాసన? మేకల సంగతి కోళ్లకి అంటగట్టకు. కోడి కోడిని గుర్తుపట్టేది మొహం చూసి. తల, జుట్టు, మెడ. జుట్టు పక్కకి వాలిపోయేలా కట్టేస్తే రోజూ కలిసి తిరిగే కోడినే కొత్తదనుకుని పొడుస్తాయి. మరి తెల్లవారుజామున ఏమవుతుంది? నాలుగున్నర, ఐదుకి గూట్లో వెలుతురు పడుతుంది. కొత్త మొహాలు కనపడతాయి. నువ్వు తలుపు తీసేది ఆరున్నరకి. ఆ గంటన్నర, నాలుగడుగుల గూట్లో, పారిపోవడానికి దారేది?

రమేశ్: రాత్రి ఇడుసుడు తప్పని నేనొప్పుకోను. అది మొదటి మెట్టు కాదంట, ఆఖరి మెట్టంట.

పద్మ: అలా చెప్పు మరి! ఇందాక అలా అన్లేదు.

రమేశ్: ఎక్కడ అననిచ్చినవ్? సరే, మొదటి మెట్టు నువ్వు చెప్పు.

పద్మ: అంగట్లో కొన్న కోడిని 3 వారాలు, వీలుంటే నెల, దూరంగా ఉంచాలి. పక్క గది కాదు, పెరటికి అవతలి మూల. మేత ముందు పాతవాటికి వేసి, తరవాత కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. చెప్పులు వేరే ఉండాలి. మొదటిరోజే తోక కింద ఈకలు విడదీసి చూడాలి. ఈక మొదట్లో తెల్లగా ఉప్పు అంటుకున్నట్టుంటే అవి పేల గుడ్లు. కాళ్ల పొలుసులు పైకి లేచి గరుగ్గా ఉంటే అది పురుగు. వారానికి రెండుసార్లు వేపనూనె బాగా పట్టించాలి.

రమేశ్: రాత్రి చెవి పెట్టి వినేది చెప్పు, అది మంచిగుంటది.

పద్మ: ఆ. కోళ్లు దండెం కర్ర ఎక్కి సద్దుమణిగాక, టార్చి వెయ్యకుండా, గూటి పక్కన రెండు నిమిషాలు నిలబడాలి. బాగున్న కోడి ఊపిరి వినపడదు. గురగుర, మధ్యలో చిన్న తుమ్ము వినపడితే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నట్టే. పగలు ఆ కోడి హుషారుగా తిరుగుతుంది, మనకి తెలీదు.

రమేశ్: అదయినంక నడుమ జాలీ కట్టి వారం, పది రోజులు. కనవడాలె, ముట్టుకోవద్దు. మేత గిన్నెలు జాలీకి రెండు దిక్కులా ఆనించి పెట్టాలె. ఎదురెదురు తింటుంటే పోట్లు జాలీకి తగుల్తయి, నెత్తికి కాదు. తర్వాత పొద్దుగూకే గంట ముందట పెరట్ల కలిపి ఇడువాలె. జర కొట్లాడుకుంటయి, గంటకు చీకటి పడ్తది, అన్నీ గూట్లెకు పోతయి. ఇగో, ఇక్కడ నా రాత్రి ముచ్చట ఒస్తది.

పద్మ: వచ్చింది, సంతోషం. కలిపిన వారం రోజులూ మాత్రం తెల్లవారకముందే లేచి తలుపు తియ్యాలి. ఇంకోటి, ఒక్క కోడిని ఎప్పుడూ కలపకూడదు. రెండో మూడో, అదీ ఇంచుమించు ఒకే సైజువి. ఒక్కటైతే ఆరూ దాని మీదే పడతాయి.

రమేశ్: మేత గిన్నెలు రెండు, ఒకదాని కాడ నిలవడితే ఇంకోటి కనవడొద్దు. నడుమ తాటాకు తడక వాల్చిపెట్టాలె. రెండు దిక్కులా బయటికి దారి ఉండాలె, మూలకు తోసే తడక అయితే అదే ఉరి అయితది.

పద్మ: నీళ్లు కూడా రెండు చోట్ల పెట్టాలి. వీపు ఎత్తులో...

రమేశ్: ఇటుకల మీద. తెలుసక్కా. అందరికి తెలుసు.

పద్మ: తెలిస్తే నిన్న నువ్వు పంపిన ఫొటోలో తొట్టి కింద అంత బురదేంటి?

రమేశ్: [నవ్వు] అది వేరేటోళ్ల ఫొటో. సరే, ఇప్పుడు నెత్తురు కారే పెట్ట సంగతి. దాన్ని తీసేయాలె గద?

పద్మ: నెత్తురుంటే తియ్యాల్సిందే, ఆ క్షణమే. ఎరుపు కనపడితే మిగతావి ఆగవు, ఎముక దాకా పొడుస్తాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి చెంచాన్నర ఉప్పు కలిపి కడిగి, బీటాడిన్ అద్దాలి. వానాకాలం ఈగ గుడ్లు పెడుతుంది, ఒకట్రెండు రోజుల్లో పురుగులు పడతాయి. అందుకని పుండు చుట్టూ, లోపల కాదు, చుట్టూ వేపనూనె రాయాలి.

రమేశ్: పసుపు?

పద్మ: ఆ పసుపు పొట్లం మాటెత్తకు.

రమేశ్: [నవ్వు] ఎత్త.

పద్మ: కానీ గాయం లేకుండా ఉత్త బెదిరింపే అయితే, తీయాల్సింది దెబ్బలు తినేదాన్ని కాదు, కొట్టేదాన్ని.

రమేశ్: ఇగో, ఇక్కడ నేను ఒప్పుకోను. పాపం అది తిండి లేక సస్తుంటే దాన్ని ఆడనే ఉంచుతవా?

పద్మ: ఉంచుతా. దాన్ని తీసి పది రోజులు ఇంట్లో ముద్దుచేసి మళ్లీ వదిలావనుకో, అది కొత్తకోడి లెక్కే. అట్టడుగున చేరుతుంది, ఇంకా ఎక్కువ తింటుంది దెబ్బలు. కొట్టేదాన్ని 3, 4 రోజులు కంటికి కనపడనంత దూరం పెట్టు. దాని చోటు ఇంకోటి తీసుకుంటుంది. తిరిగొచ్చేసరికి కొత్తది అదవుతుంది, తల దించుకుని తిరుగుతుంది. ఒక్కరోజు పెడితే పనికిరాదు, మర్చిపోవు.

రమేశ్: మరి గాయమైనది మానేదాక దూరముంటే అదీ కొత్తదే అయితది గద. నీ మాట ప్రకారమే.

పద్మ: ...అవును. అందుకే దాన్ని ఇంట్లో కాదు, పెరట్లోనే జాలీ పెట్టెలో పెట్టాలి. అందరికీ కనపడుతుండాలి.

రమేశ్: ఇది ముందుగాల చెప్పాలె.

పద్మ: సరే, చెప్పలేదు. పొదుగుడు పెట్ట కూడా అంతే. 21 రోజులు గంపకిందుండి వస్తే దాని పాత చోటు ఉండదు. కాకపోతే పిల్లలతో వస్తుంది కాబట్టి పుంజుని కూడా తరుముతుంది. పిల్లలు విడిపోయాక మళ్లీ కిందికి.

రమేశ్: ఏ కోడి ఏ కోడిని పొడుస్తదన్న ఈ వరసను మొదట రాసుకున్నది నార్వే ఆయన, షెల్డెరప్-ఎబ్బె. 1922ల అచ్చయింది. వరస ఎప్పుడు నిచ్చెన లెక్కనే ఉండదన్నడు. ఒకటి రెండోదాన్ని పొడుస్తది, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్ల మొదటిదాన్ని. చుట్టు తిరుగుతది.

పద్మ: అలాంటిచోట ఒకదాన్ని తీస్తే ఏం మారదు. స్థలం పెంచాలి, అంతే. అసలు ఏది మామూలు, ఏది కాదన్నది తెలియాలి. తల మీద ఒక పోటు, రెండడుగులు తరమడం, కిందది పక్కకి తప్పుకోవడం, ఇది రోజూ ఉండేదే, వేలు పెట్టకూడదు. తప్పుకున్నా వదలకుండా వెంటపడి మూలకి నొక్కి పొడిస్తే, దండెం దిగనివ్వకపోతే, అప్పుడు మనం దిగాలి.

రమేశ్: నాటుపెట్టలు అన్నడు గద ఆ అన్న. అందుట్ల అసిల్, అదే పందెం కోళ్ల జాతి నెత్తురు ఉంటే వనరాజా పెట్టలు తట్టుకోవు. ఇయ్యాల ఇవి దెబ్బతిన్నయి. నెలకు లెక్క తిరగబడ్తది చూడు. అసిల్ పెట్ట కూడా కొట్లాడ్తది, పుంజు ఒక్కటే కాదు. డేగలకైతే...

పద్మ: నీ డేగల సంగతి ఇప్పుడొద్దు. మేత గురించి అడిగావా అతన్ని? నూకలే వేస్తున్నాడంటే నేను ఆశ్చర్యపోను. నూకల్లో మాంసకృత్తులు 8 శాతం, గుడ్లుపెట్టే పెట్టకి కావాల్సింది 16, 17. అది దొరక్క పక్కదాని ఈకలు పీక్కు తింటుంది. జనం దాన్ని కొట్లాట అనుకుంటారు. తల మీద పోటు అధికారం కోసం. తోక మొదట్లో, వీపు మీద ఈక పీకి మింగిందంటే అది ఆకలి.

రమేశ్: 10 కిలోలకు లెక్క చెప్తున్న, రాసుకోండి. మక్కలు నలిపినయి 5 కిలోలు, తవుడు 2, పల్లిచెక్క 2, ఎండుచాపల పొడి 800 గ్రాములు, ఖనిజ లవణాల మిశ్రమం 200 గ్రాములు. చాపలల్ల ఉప్పు ఉంటది, మళ్ల ఉప్పు ఎయ్యొద్దు. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెల పెట్టాలె, గుడ్లుపెట్టేటియే తింటయి.

పద్మ: వానాకాలం వేరుశనగ చెక్క ముక్కిపోతుంది. విరిస్తే లోపల ఆకుపచ్చ బూజు కనపడితే ఎండబెట్టి వాడదామనుకోవద్దు, పారెయ్యాలి. బూజు ఎండినా విషం పోదు.

రమేశ్: అక్కా, ఒకటి ఉన్నది. అన్నిట్ల పెద్దపెట్టను ఉన్నట్టుండి చిన్నయి పొడుస్తున్నయంటే?

పద్మ: [కాసేపు ఆగి] అది రోగం. మనకంటే ముందు కోళ్లకి తెలుస్తుంది. ఆ రాత్రే పట్టుకుని చూడాలి. రొమ్ము ఎముక మీద వేలు పెడితే కత్తి అంచులా తగిలితే కండ కరిగిపోయింది. తెల్లారి మేత వెయ్యకముందు మెడకింద సంచి ఖాళీగా ఉండాలి. ముద్దగా, పుల్లటి వాసనతో ఉంటే అరగట్లేదు. జుట్టు పాలిపోయిందా చూడాలి. రెట్ట ఆకుపచ్చగా, నీళ్లగా ఉండి మెడ తిరుగుతుంటే కొక్కెర. అప్పుడు వరస గురించి ఎవరికీ దిగులుండదు.

రమేశ్: ఒక్కనాడే నాలుగైదు సస్తే కోసుకతినొద్దు, అమ్మొద్దు. పశువైద్యం నంబరు 1962కు ఫోన్ చెయ్యాలె. 2025 ఫిబ్రవరిల మీ గోదావరి దిక్కు వేల్పూరు, కానూరుల బర్డ్‌ఫ్లూ తేలింది గద.

పద్మ: ఊఁ.

రమేశ్: ...పిల్లలల్ల రెట్టల నెత్తురు ఒస్తే?

పద్మ: రక్తపారుడు. ఆంప్రోలియం 20 శాతం పొడి, లీటరుకి 0.6 గ్రాము. ముదిరితే 1.2 గ్రాములు. 3 నుంచి 5 రోజులు. తరవాత 0.3 గ్రాము వారం, రెండు వారాలు. ఆ రోజుల్లో బి-కాంప్లెక్స్ ఇవ్వకూడదు, మందు పనిచేసేదే అందులో ఉండే బి1 విటమిన్‌ని అడ్డుకుని. ఇవ్వన్నీ చేసి, పెరట్లో గుంటలో వాన నీళ్లుంటే పిల్ల మందు నీళ్లు ముట్టదు, గుంటలో తాగుతుంది. రెట్టలో పడే ఆ జబ్బు క్రిమి గుడ్లకి పక్వం రావడానికి తడి, వెచ్చదనం ఉంటే ఒకట్రెండు రోజులు చాలు. అందుకే నేను మొత్తుకునేది. తొట్టి కింద తడి...

రమేశ్: ఒచ్చింది, మళ్ల తొట్టికాడికే ఒచ్చింది.

పద్మ: వస్తుంది! ఎందుకు రాదు? చెయ్యి పెట్టి పిడికెడు చెత్త నొక్కి చూడు. విప్పితే పొడిపొడిగా రాలాలి. ముద్దగా నిలబడితే ఆ రోజే తీసి పొట్టు మార్చాలి.

రమేశ్: అక్కా, మశూచి టీకా చెప్పనే లేదు. యాభై నిమిషాలు అయింది.

పద్మ: మశూచి 6, 7 వారాలకి, రెక్క పొరలో సూదితో గుచ్చేది. దోమలు తెస్తాయి దాన్ని. దోమలెక్కడ పుడతాయి? తొట్టిలో నీళ్లు మూడ్రోజులు మార్చకపోతే...

రమేశ్: నేను బంద్ చేస్తున్న.

పద్మ: చెయ్యి. ఆ నిజామాబాద్ అతనికి మాత్రం చెప్పు, డబ్బా మీదెక్కిన పెట్టకి మేత పైకి అందించొద్దని, దింపి...