పాట మధ్యలో ఆపి చూడండి: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఆటిజం ఉన్న పిల్లలకు సంగీతం ఎట్లా తోడ్పడుతుందో ఈ రోజు మాట్లాడుకుందాం. మ్యూజిక్ థెరపిస్టు మేడమ్ మనతో ఉన్నారు. దేవరకొండ నుంచి ఒక తల్లి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబుకు అయిదేండ్లు. ఆటిజం అని చెప్పిండ్రు. మాటలు రాలేదు, పిలిస్తే పలకడు. ఫోన్‌లో పాట పెడితే మాత్రం కదలకుండా కూర్చుంటడు. పాటలతోనే నయమైతదని ఎవరో అంటే పొద్దంతా పెడుతున్న.

థెరపిస్టు: వినికిడి పరీక్ష చేయించారా అమ్మా?

కాలర్: చేయించినం. మంచిగనే ఉందన్నరు.

థెరపిస్టు: మంచిది. పాటలతో ఆటిజం పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. బాబుకు పాట ఇష్టం కదా, ఆ ఇష్టాన్ని పట్టుకుని అతనికి దగ్గరవ్వాలి. ఫోన్ పాడితే అతను ఫోన్‌తో ఉంటాడు, మీరు పాడితే మీతో ఉంటాడు. బతుకమ్మ పాటలు వస్తాయా?

కాలర్: ఎందుకు రావు మేడమ్!

థెరపిస్టు: ఇంకేం కావాలి! బాబుకు ఎదురుగా కింద కూర్చుని, చప్పట్లు కొడుతూ నెమ్మదిగా పాడండి. 'ఉయ్యాలో' అని మళ్లీ మళ్లీ వస్తుంది కదా, అది చెవికి అలవాటయ్యాక ఒకసారి సరిగ్గా అక్కడ ఆపేయండి. చప్పట్లు కూడా ఆపి, అతని ముఖం చూస్తూ మనసులో పది లెక్కపెట్టండి. పిల్లాడి కోసం తపనపడే తల్లికి ఆ కాస్త ఆగడమే కష్టం, నాకు తెలుసు. అయినా ఆగండి. మీ వైపు చూసినా, మీ చేతులు పట్టి కలిపినా, 'ఊ' అన్నా అది జవాబే. వెంటనే పాట అందుకోండి. తను అడిగితే పాట వచ్చిందని అతనికి తెలియాలి.

కాలర్: బరాత్‌ల డప్పు వినబడితే చెవులు మూసుకొని ఏడుస్తడు మేడమ్.

థెరపిస్టు: అది మొండితనం కాదమ్మా, ఆ చప్పుడుకు నిజంగానే బాధపడుతున్నాడు. అలవాటవుతుందని దగ్గరికి తీసుకెళ్లొద్దు. చెవులు కప్పే హెడ్‌ఫోన్లు పెట్టి దూరం తీసుకెళ్లండి.

యాంకర్: మేడమ్, పరిశోధనలు ఏమంటున్నాయి?

థెరపిస్టు: మ్యూజిక్ థెరపీ మీద తొమ్మిది దేశాల్లో 364 మంది ఆటిజం పిల్లలతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అయిదు నెలల తర్వాత చూస్తే, ఆ థెరపీ తీసుకున్న పిల్లలకూ తీసుకోని పిల్లలకూ ఆటిజం లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ 2022లో 26 అధ్యయనాలను కలిపి చేసిన సమీక్ష మాత్రం మొత్తం మీద పిల్లల్లో మెరుగుదలకు అవకాశం ఉందని చెప్పింది. తల్లిదండ్రులకు ఈ రెండూ తెలియాలి. అందుకే స్పీచ్ థెరపీ మానొద్దంటాను.

కాలర్: దానికి నెలకు వేలకు వేలు అడుగుతున్నరు మేడమ్.

థెరపిస్టు: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ కేంద్రాలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలను చిన్నప్పుడే గుర్తించి సాయం చేసే కేంద్రాలు ఉంటాయి, సేవలు ఉచితం. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. పెద్ద పరీక్షలకైతే సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లి దగ్గర మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది.

యాంకర్: అచ్చంపేట నుంచి ఒక తండ్రి. చెప్పండి సార్.

కాలర్: మా పాపకు కీబోర్డు కొనాల్నా మేడమ్?

థెరపిస్టు: ఇప్పుడే వద్దు సార్. స్టీలు గిన్నె, చెంచా చాలు. పాప ఎట్లా కొడితే మీరూ అట్లాగే కొట్టండి, ఆపితే ఆపండి. నేర్పాలని చూడకండి, మొదట ఆమె వెంట పోవాలి. రోజూ ఒకే వేళకు పది నిమిషాలు కూర్చోండి.

కాలర్: డ్యూటీ నుంచి రాత్రి ఎనిమిదికి వస్త మేడమ్. అప్పుడైనా ఫర్వాలేదా?

థెరపిస్టు: పాపకు నిద్ర రాకముందైతే ఫర్వాలేదు సార్.