నీలి పాస్‌పోర్టు వెనుక ఒక వంటవాడు

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో తరచూ కనిపించే దృశ్యం ఇది. తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటారు. ఉయ్యాలలోని పసిబిడ్డకు మాత్రం అమెరికా నీలి పాస్‌పోర్టు వచ్చేస్తుంది. ఆ పాస్‌పోర్టు వెనుక శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఒక వంటవాడు ఉన్నాడు.

అమెరికా రాజ్యాంగానికి ఇప్పటిదాకా జరిగినవి 27 సవరణలే. మనం మన రాజ్యాంగాన్ని వందసార్లకు పైగా దిద్దుకున్నాం. వాక్‌స్వాతంత్ర్యం, తుపాకులు అంటూ మొదటి రెండు సవరణల గురించి టీవీల్లో వింటూనే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నా దృష్టిలో అసలైనది 14వది.

నల్లవారు బానిసలైనా, స్వతంత్రులైనా అమెరికా పౌరులు కాలేరని 1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంతర్యుద్ధంలో లక్షల మంది ప్రాణాలు పోయాక, 1868లో గానీ ఆ తీర్పును 14వ సవరణ తుడిచిపెట్టలేదు. అమెరికాలో పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడినవారందరూ పౌరులేనని దాని మొదటి వాక్యం. రాసింది బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసమే. కానీ ‘అందరూ’ అని రాశారు. ఆ మాటే తర్వాత ఎంతమందిని కాపాడిందో!

నేను మొదట చెప్పిన వంటవాడు వాంగ్ కిమ్ ఆర్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. చైనీయులు అమెరికా పౌరసత్వం తీసుకోవడానికి చట్టం ఒప్పుకోని రోజులవి. 1894లో చైనా ప్రయాణం కట్టినప్పుడు, తాను ఇక్కడే పుట్టానని తెల్లవారైన సాక్షులతో సంతకాలు చేయించిన కాగితం సిద్ధం చేసుకున్నాడు. మరుసటి ఏడాది తిరిగివస్తే అధికారులు ఓడ దిగనివ్వలేదు. పుట్టిన ఊరు కళ్లెదుటే ఉన్నా, నెలల తరబడి రేవులో ఒక ఓడ నుంచి మరో ఓడకు మారుతూ గడిపాడు.

తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు, కాబట్టి కొడుకూ అంతేనని ప్రభుత్వం వాదించింది. 1898లో సుప్రీంకోర్టు 6–2 తేడాతో ఆ వాదనను కొట్టేసింది. అతడు పుట్టుకతోనే పౌరుడంది.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు, తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రాదంది. హెచ్‌-1బీ కుటుంబాల్లో నిండు గర్భిణుల కంటికి కునుకు పట్టలేదు. కింది కోర్టులు దాన్ని అడ్డుకున్నప్పుడు ఆధారం చేసుకున్నది ఈ వంటవాడి కేసునే.

గెలిచాక అతడి బతుకు తేలికైందని మాత్రం అనుకోకండి. 1901లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో చైనీయుడన్న కారణంతోనే మళ్లీ అరెస్టు చేశారు. ఆ తర్వాత చైనా వెళ్లాలన్నా ముందుగా ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం పౌరుడని ప్రకటించిన ఆ మనిషి సంతకం చేసిన ఫారం మీద అచ్చువేసి ఉన్న మాట: ‘పౌరుడినని చెప్పుకుంటున్న’ చైనా జాతివాడు.