ముక్కు ఎప్పుడూ ఒకవైపే మూసుకుపోతుంటే

శ్రోతలకు నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్లలో పడిశం, ముక్కు దిబ్బడ మామూలే కనుక, ఒక ముక్కు నెలల తరబడి మూసుకుపోయినా ఆవిరి పట్టుకుంటూ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేసుకుంటూ కాలం గడిపేవారు చాలామందే ఉన్నారు. అలర్జీ దిబ్బడ సాధారణంగా రెండు వైపులా ఉంటుంది, లేదా వైపు మారుతుంటుంది. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోయి, దానికి తోడు రక్తం పడటమో, వాసన తెలియకపోవడమో, కన్ను ముందుకు పొడుచుకురావడమో జరిగితే లోపల ఏముందో చూపించుకోవలసిందే.

అలాంటి అరుదైన కారణాల్లో ష్వానోమా ఒకటి. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులాగా నరానికి పొరగా ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టే ఈ గడ్డ క్యాన్సర్ కాదు. తల, మెడ భాగాల్లో వచ్చే ష్వానోమాల్లో ముక్కు, సైనస్‌లలో (ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో) కనిపించేవి 100కి 4 కూడా ఉండవు.

ఎండోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం, పెట్టి చూస్తే నున్నటి కండలా కనిపిస్తుంది. చూపుతో దాన్ని మామూలు పాలిప్ (ముక్కు లోపలి పొర ఉబ్బి వచ్చే మెత్తని బుడిపె) నుంచి వేరుచేయడం నిపుణులకూ కష్టమే. అలాగని మొదటిరోజే ముక్క కోయించుకోవాలని తొందరపడకూడదు. మెదడు పొర ముక్కులోకి జారినా గడ్డలాగే కనిపిస్తుంది. కౌమారంలోని మగపిల్లల్లో వచ్చే ఒకరకం రక్తనాళాల గడ్డను కోస్తే రక్తం ధారగా కారుతుంది. అందుకే ముందు స్కాన్, తర్వాతే బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం. మెల్లగా పెరిగే గడ్డ ఎముకను ఎలా పలచబరిచి పక్కకు నెట్టిందో సీటీలో తెలుస్తుంది. ఏది గడ్డ, ఏది దాని వెనక నిలిచిపోయిన చీమిడి, కంటి గూటిలోకి గాని కపాలం అడుగుకు గాని పాకిందా అన్నవి ఎమ్మారై చెబుతుంది. బయాప్సీ ముక్కలో కదురు ఆకారపు కణాల కేంద్రకాలు వరుసలు కట్టి కనిపించి, ష్వాన్ కణాలను గుర్తుపట్టే ఎస్-100 పరీక్ష పాజిటివ్ వస్తే నిర్ధారణ అయినట్టే. సైనస్ ష్వానోమాకు చాలాసార్లు చుట్టూ తొడుగులాంటి పొర ఉండదు కాబట్టి, అది క్యాన్సరేమోనన్న అనుమానం కలగడం సహజం.

మాత్రలతో ఇది కరగదు. పూర్తిగా తీసివేయడమే చికిత్స. ఒకప్పుడు ముక్కు పక్కనో, పై పెదవి లోపలో కోసి తీసేవారు. ఇప్పుడు చాలావరకు ముఖం మీద గాటు లేకుండా ముక్కురంధ్రం గుండానే ఎండోస్కోపుతో తీస్తున్నారు. మెదడు దాకా పాకితే న్యూరో సర్జన్ కూడా ఉండాలి. పూర్తిగా తీసినది తిరిగి రావడం అరుదే గాని, ఆపరేషన్ తర్వాత ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, పిలిచినప్పుడల్లా వెళ్లి చూపించుకోవడం మానరాదు.

బరంపురంలో పరీక్షలు చేయించుకుని విశాఖపట్నం వెళ్లేవారు రిపోర్టు కాగితంతోపాటు స్కాన్ సీడీని, బయాప్సీ స్లైడ్లను, తీసిన ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకును కూడా అడిగి తీసుకువెళ్లండి. అవి చేతిలో ఉంటే రెండో అభిప్రాయం కోసం మళ్లీ ముక్క తీయవలసిన పని చాలాసార్లు ఉండదు.