పెద్ద టీవీ, మసక బొమ్మ: ఫోన్-ఇన్ కార్యక్రమం

(నెల్లూరులో జరిగిన ఫోన్-ఇన్ నుంచి కొంత భాగం. శ్రోతల ప్రశ్నలకు జవాబిచ్చింది హోమ్ థియేటర్లు బిగించే టెక్నీషియన్.)

వ్యాఖ్యాత: హలో, ఎక్కడి నుంచమ్మా?

శ్రోత: కావలి నుంచి సార్. సంక్రాంతికి మా అబ్బాయి 55 అంగుళాల ఫోర్‌కే టీవీ కొనిచ్చాడు. బొమ్మ పాత టీవీలోనే నయం. దీంట్లో మొహాలన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. వెనక్కిచ్చేయమంటారా?

టెక్నీషియన్: తొందరపడొద్దమ్మా. సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి ఏ వైరు పోయిందో ఎవరినైనా చూడమనండి.

శ్రోత: ఉండండి, మా మనవడు చూస్తున్నాడు... పసుపు, ఎరుపు, తెలుపు, మూడు పిన్నులంట.

టెక్నీషియన్: అదీ సంగతి. ఎరుపు, తెలుపు శబ్దానికి. బొమ్మంతా ఆ ఒక్క పసుపు వైరులోనే రావాలి. అందులో వచ్చేది 576 గీతల బొమ్మ, అంటే నాలుగు లక్షల చుక్కలకు కాస్త ఎక్కువ. మీది ఫోర్‌కే తెర గనక దాని మీద దాదాపు 83 లక్షల చుక్కలున్నాయి. మిగతావన్నీ టీవీ తనే ఊహించి నింపుకుంటోంది. పాతది చిన్న తెర గనక లోపం కనపడలేదు.

శ్రోత: హెచ్‌డీఎంఐ వైరు కొంటే సరిపోద్దా మరి?

టెక్నీషియన్: బొమ్మా శబ్దం రెండూ ఒకే డిజిటల్ వైరులో తెచ్చేది అదే. కానీ బాక్స్ హెచ్‌డీదైతేనే, అంటే ఎక్కువ గీతల బొమ్మ ఇచ్చేదైతేనే. వైరు మార్చాక బాక్స్ సెట్టింగ్స్‌లో 1080ఐ, అంటే 1080 గీతల బొమ్మ పెట్టండి, హెచ్‌డీ చానళ్ల ప్యాక్ ఉందో లేదో కేబుల్ అబ్బాయిని అడగండి. ఎస్‌డీ, అంటే ఆ తక్కువ గీతల చానల్, ఏ వైరులో వచ్చినా ఎస్‌డీనే. షాపులో బంగారు పూత అని వేలకు వేలు చెప్తారు, వద్దు. ఇది డిజిటల్. వైరు బాగాలేకపోతే మెరుపు చుక్కలొస్తాయి, లేదంటే బొమ్మ పోయి పోయి వస్తుంది. అంతేగానీ రంగులు వెలిసిపోవు.

వ్యాఖ్యాత: చీమకుర్తి నుంచి ఇంకొకరు.

శ్రోత: అన్నా, హోమ్ థియేటర్ స్పీకర్లకు శబ్దం పంపే నా రిసీవర్ 2012లో కొన్నది. మొన్న ఫోర్‌కే డిస్క్ ప్లేయర్ తెచ్చా. ప్లేయర్ నుంచి రిసీవర్‌కి, అక్కణ్ణుంచి టీవీకి ఇచ్చా. ఫోర్‌కే డిస్క్ వేసినా 1080నే చూపిస్తోంది.

టెక్నీషియన్: ఆ రిసీవర్ కొన్ననాటికి ఫోర్‌కే డిస్కులే లేవు తమ్ముడూ, అవి 2016లో వచ్చాయి. ఆ డిస్కులు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ అడుగుతాయి. దారిలో ఉన్న ప్రతి పెట్టే దానికి జవాబు చెప్పాలి. నీ రిసీవర్ చెప్పలేదు, అందుకే ప్లేయర్ బొమ్మను తగ్గించి పంపుతోంది.

శ్రోత: పారేయాల్సిందేనా? చాలా పోసి కొన్నానన్నా.

టెక్నీషియన్: ఎందుకు పారేయడం! ప్లేయర్ వెనక రెండు హెచ్‌డీఎంఐ అవుట్లున్నాయా?

శ్రోత: ఉన్నాయి. ఒకదాని మీద ఆడియో ఓన్లీ అని ఉంది.

టెక్నీషియన్: అదృష్టవంతుడివి. మెయిన్‌ది నేరుగా టీవీకి, ఆడియో ఓన్లీది రిసీవర్‌కి పెట్టు. బొమ్మ ఫోర్‌కే, శబ్దం డిస్క్‌లో ఉన్నదున్నట్టు. ఒక్క అవుటే ఉంటే శబ్దాన్ని టీవీ నుంచి ఏఆర్‌సీ మీద, అంటే హెచ్‌డీఎంఐ వైరులోనే వెనక్కి, రిసీవర్‌కి తెచ్చుకోవాలి, అప్పుడు కాస్త కుదించిన 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) శబ్దంతో సర్దుకోవాలి. ఇంకోటి, టీవీలో ఆ పోర్టుకి ఎన్‌హాన్స్‌డ్ అనో డీప్ కలర్ అనో ఒక ఆప్షన్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుద్ది. అది ఆన్ చేయకపోతే హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడా బాగా చూపే బొమ్మ, రాకపోవచ్చు. ఈ ఒక్క బటన్ కోసం నన్ను ఇళ్లకు పిలిపించుకున్నవాళ్లు చాలామంది.

శ్రోత: ముందుముందు ప్రొజెక్టర్ పెడదామని గోడలో 15 మీటర్ల వైరు వేయిస్తున్నా.

టెక్నీషియన్: రాగి వైరు వద్దు. ఫోర్‌కే 60 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకు 60 బొమ్మలకి, సెకనుకు 18 గిగాబిట్ల సమాచారం మోసే కేబుల్ కావాలి, ఐదారు మీటర్లు దాటితే రాగిని నమ్మలేం. సిగ్నల్‌ని వెలుగుగా మార్చి పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకో. దానికి దిక్కుంటుంది. సోర్స్ అని రాసిన కొస ప్లేయర్ వైపు ఉండాలి, తిరగేస్తే బొమ్మే రాదు. గోడలోకి దూర్చకముందే ఒకసారి పెట్టి చూడు. పైపు కూడా పెద్దదే వేయించు, రేపు మార్చాల్సొస్తే గోడ పగలగొట్టే పని లేకుండా.

వ్యాఖ్యాత: కొత్తపట్నం నుంచి, త్వరగా చెప్పండి.

శ్రోత: మా ఇల్లు సముద్రం ఒడ్డునే సార్. హెచ్‌డీఎంఐ పిన్ను చిలుము పట్టి టీవీ మినుకుమినుకుమంటోంది.

టెక్నీషియన్: ఉప్పుగాలి. వైరు మార్చేయండి. కావలి అమ్మగారికి బంగారు పూత వద్దన్నా గానీ మీకు పనికొస్తుంది, బొమ్మకి కాదు, చిలుముకి. అదీ వందల్లోనే దొరుకుతుంది. టీవీ పోర్టులో కూడా పచ్చగా ఉంటే మీరు గీకొద్దు, మెకానిక్‌కి చూపించండి.